కరెంట్ పెడితే చెయ్యి లేస్తుందా?

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ గది ముందు కూర్చున్నవాళ్లను ఏం చేయించుకుంటున్నారని అడిగితే ‘కరెంట్ పెట్టించుకుంటున్నం’ అంటారు. పక్షవాతంతో పడిపోయిన చేతికి ప్యాడ్లు అంటించి సన్నని కరెంటు పంపిస్తారు. నెలలుగా కదలని వేళ్లు ఒక్కసారి విచ్చుకుంటే ఇంటివాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

ఇదే ప్యాడ్లను ఆక్యుపంక్చర్ (చైనా సంప్రదాయ సూది వైద్యం) బిందువుల మీద పెట్టే పద్ధతి చైనాలో ఉంది. సూది గుచ్చరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ‘హెగు’, మోచేతి మడత బయటి కొసన ‘చూచీ’, మణికట్టుకు కాస్త పైన ముంజేతి వెనక ‘వైగ్వాన్’ అనే బిందువులను తరచుగా ఎంచుకుంటారు. చివరి రెండూ మణికట్టును, వేళ్లను పైకెత్తే కండరాల దగ్గరే ఉన్నాయి. పక్షవాతం తర్వాత చాలామందికి పిడికిలి బిగుసుకుపోతుంది, తెరవడమే కష్టం. అందుకే మన ఫిజియోథెరపిస్టు ప్యాడ్ పెట్టేది కూడా ముంజేతి వెనకే. మరి ఫలితం కనిపిస్తే అది బిందువు బలమా, నరానికి అందిన కరెంటు పనా? విడదీసి చెప్పడం తేలిక కాదు.

మామూలు వ్యాయామానికి దీన్ని జోడిస్తే చేతి కదలిక మెరుగైందని కొన్ని చిన్న పరీక్షలు చెప్పాయి. అయితే కరెంటు జివ్వుమనగానే రోగికి తెలిసిపోతుంది కాబట్టి కరెంటు రాని ఉత్తుత్తి ప్యాడ్‌తో పోల్చడం కష్టం. పక్షవాతం తర్వాత సూదులతో చేసే ఆక్యుపంక్చర్ మీద 2016లో, వైద్య పరీక్షలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష 31 పరీక్షలను జల్లెడ పట్టి, ఆధారాల నాణ్యత చాలదని తేల్చింది.

అయినా నేను దీన్ని కొట్టిపారేయను. మెషిన్ చిన్నది, నొప్పి పెద్దగా ఉండదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, చర్మం స్పర్శ పోయినవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా పెట్టించుకోకూడదు.

నా బాధంతా మరొకటి. అచ్చంపేట అవతలి తండా నుంచి బస్సులు మారి మహబూబ్‌నగర్ వస్తారు. తోడొచ్చిన కొడుక్కి ఆ రోజు కూలి పోతుంది. ఇరవై నిమిషాలు కరెంట్ పెట్టించుకుని ఇంటికెళ్లాక ఆ చెయ్యి మళ్లీ ఒళ్లోనే ఉంటుంది. నిజానికి చెడింది చెయ్యి కాదు, మెదడు నుంచి చేతికి వచ్చే దారి. ఆ దారి మళ్లీ పడాలంటే రోగి తానే ప్రయత్నించి ఒకే పనిని వందలసార్లు చేయాలి. కరెంటు వేళ్లను తెరుస్తున్నప్పుడే చెంబు అందుకోవాలి, వదలాలి, మళ్లీ అందుకోవాలి. చేతిలో మార్పు ఎక్కువగా వచ్చేది మొదటి మూడు నెలల్లోనే. పసరు మందు కోసం ఊళ్లు తిరిగేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

పోనీ, ఇంట్లోవాళ్లకు నేర్పి వదిలేద్దామా? మన దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో చేసిన అటెండ్ అధ్యయనం అదే పరీక్షించింది. కుటుంబానికి శిక్షణ ఇచ్చినంత మాత్రాన అదనపు మేలు కనపడలేదని 2017లో ఫలితం వచ్చింది. అంటే, నాకు తోచినంతలో, పని తెలిసిన మనిషి దగ్గరుండి చేయించాల్సిందే. ఏ ఇంట్లో చెయ్యి పడిపోయినవాళ్లు ఉన్నారో ఊళ్లోని ఆశా కార్యకర్తకు తెలుసు. వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు మండల పీహెచ్‌సీకి రావాలి. మెషిన్ సంచిలో తెచ్చుకోవచ్చు, ప్యాడ్ ఏ బిందువు మీద పెట్టాలో అక్కడే తేల్చుకోవచ్చు. చెంబు ఎలాగూ ఇంట్లో ఉంటుంది.