ఒక్క లైనుతో అయిపోతే పరువేం కావాలి?

మా ఆఫీసులో ఈ మధ్య చేరిన కుర్రాడు ఘోరమైన పని చేశాడు. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటాడు, మన కడప వాడే. సర్వర్ నుంచి ఉద్యోగుల జాబితా తెప్పించమంటే, సర్వర్‌ను అడిగి డేటా తెచ్చే జావాస్క్రిప్ట్ కమాండు 'ఫెచ్'తో ఒక్క లైను రాసి తెప్పించేశాడు. ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, అదే లైబ్రరీ, ఒక్కటి కూడా ఇన్‌స్టాల్ చేయలేదు.

"ఏం బాబూ, యాక్సియోస్ ఏదీ?" అన్నాడు కోడ్ రివ్యూలో సీనియర్. అదీ ఫెచ్ పనే చేసే లైబ్రరీ, కాకపోతే బయటి నుంచి తెచ్చుకోవాలి.

"అక్కర్లేదన్నా, బ్రౌజర్లోనే ఉంది కదా!"

నేను సీనియర్ పక్షమే. ఫెచ్ 2015 నుంచి బ్రౌజర్లలో ఉంది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్‌లో, 2022లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి, అటువైపు కూడా ఊరికే దొరుకుతోంది. ఊరికే దొరికేదాన్ని వాడేస్తే మనకు జీతాలెందుకు? మాకు పాతవాళ్లంటే గౌరవం కూడా ఎక్కువ. ఇదే పని చేసే పాత లైబ్రరీ 'రిక్వెస్ట్'కు ఇక సెలవని 2020లో దాన్ని నడిపేవాళ్లే ప్రకటించారు. మేం వాడే లైబ్రరీల జాబితా ఉండే ప్యాకేజీ.జేసన్ ఫైల్లో మాత్రం ఇంకా వీధరుగు మీద కూర్చునే ఉంది. పెద్దవాళ్లను బయటికి పంపేస్తామా?

నిజానికి ఫెచ్‌తో ఒక చిక్కుంది. కొట్టుకెళ్లి పెరుగు తెమ్మంటే, "లేదన్నారు" అన్న మాట మోసుకొచ్చి పనైపోయిందనే రకం అది. 404 (అడిగింది లేదు) వచ్చినా 500 (సర్వర్‌లోనే తప్పు) వచ్చినా దాని లెక్కలో జవాబు వచ్చినట్టే. నెట్ తెగితేనో, దారిలో ఎవరైనా అడ్డుకుంటేనో తప్ప ఎర్రర్ అనదు. వచ్చింది మంచి జవాబేనా అని చెప్పే రెస్పాన్స్.ఓకేను మనమే చూసుకోవాలి. యాక్సియోస్ అలా కాదు, 404 అనగానే గుమ్మంలోనే సంచి విసిరికొడుతుంది. కుర్రాడు ఆ ఓకే చూడలేదు. రివ్యూలో కూర్చున్న ఆరుగురిలోనూ ఆ మాట ఎవరికీ తట్టలేదు. గంటసేపు లైబ్రరీ గురించే మాట్లాడుకున్నాం.

చివరికి యాక్సియోస్ వచ్చింది. దాని మీద సర్వర్‌తో మాటలు నడిపే ఏపీఐ హెల్పర్ అనే ఫైలు, దాని మీద ఏపీఐ సర్వీస్, దాని మీద ఏపీఐ మేనేజర్. కేకు మీద క్రీమ్ పూసినట్టు పూస్తూ పోయాం. మేనేజర్ ఫైల్లో ఎవరో పుణ్యాత్ముడు ఎర్రర్‌ను పట్టుకునే 'క్యాచ్' కోడ్ ఒకటి పెట్టాడు: ఏ ఎర్రర్ వచ్చినా మింగేసి ఖాళీ జాబితా ఇవ్వాలి, యూజర్‌కు టెన్షన్ ఎందుకని. ఇప్పుడు గుమ్మంలో సంచి విసిరినా లోపలికి చప్పుడు వినపడదు.

మొన్న శనివారం రాత్రి సర్వర్ పడిపోయింది. ఎక్కడా ఎర్రర్ లేదు, అలారం లేదు. సోమవారం పొద్దున హెచ్‌ఆర్ మేడమ్ కంగారుగా ఫోన్ చేసింది.

"స్క్రీన్‌లో ఒక్క ఉద్యోగీ లేడండీ. అందరూ ఎప్పుడు మానేశారు?"