లెట్ ఎక్కడ?

మా అక్క కూతురు ఏడో తరగతి. మొన్నామధ్య ఎఫ్ఏ టూ, అదే రెండో ఫార్మేటివ్ పరీక్ష, లెక్కల పేపర్ సంతకం కోసం ఇంటికి తెచ్చింది. తెచ్చి వాళ్ళ నాన్నకి కాకుండా నాకు ఇచ్చి "మావయ్యా, నువ్వు పెట్టేయ్, నీ సంతకం ఎలాగూ ఎవరికీ అర్థం కాదు కదా" అంది. అప్పుడే తెలిసింది నాకు, లోపల ఏదో ఉందని.

ఉంది. నాలుగు మార్కుల ప్రశ్న, ఒక మార్కు వచ్చింది. పక్కన ఎర్ర ఇంకుతో, పేజీ అవతలి వైపుకి అచ్చు దిగేంత గట్టిగా నొక్కి రాసిన రిమార్కు: "లెట్ ఎక్కడ?"

నాకు ముందు అర్థం కాలేదండి. లెట్ అనే పిల్లాడెవడైనా క్లాసులో తప్పిపోయాడేమో అనుకున్నా.

ప్రశ్న ఇదీ. తండ్రి వయసు ఇప్పుడు కొడుకు వయసుకి మూడు రెట్లు. 12 ఏళ్ళ తర్వాత రెండు రెట్లు అవుతుంది. ఇద్దరి వయసులు ఎంత? మనందరం ఏదో ఒక క్లాసులో చేసిందే, తండ్రీ కొడుకుల పేర్లు మారతాయి తప్ప వాళ్ళ వయసు గోల వందేళ్ళ నుంచీ అదే. (అసలు ఇది పై క్లాసులో రావాల్సిన లెక్క, మా స్కూల్లో ఏడుకే ఎనిమిది చెప్పేస్తున్నారు అని మా అక్క ఎదురింటావిడతో గర్వంగా చెప్తూ ఉంటుంది, అది వేరే సంగతి.)

మా పిల్ల ఏం రాసిందో తెలుగులో చెప్తా వినండి. తండ్రికీ కొడుక్కీ వయసులో తేడా ఎప్పటికీ మారదు. ఇప్పుడు తండ్రి మూడు రెట్లు, అంటే తేడా కొడుకు వయసుకి రెండింతలు. 12 ఏళ్ళయ్యాక తండ్రి రెండు రెట్లు, అంటే తేడా అప్పటి కొడుకు వయసంత. తేడా అదే కాబట్టి, ఈ 12 ఏళ్ళలో కొడుకు వయసు రెండింతలైంది. కాబట్టి ఇప్పుడు కొడుక్కి 12, తండ్రికి 36. అయిపోయింది. అయిదు లైన్లు. ఎక్స్ లేదు, వై లేదు, బ్రాకెట్ లేదు, అటుది ఇటు ఇటుది అటు తీసుకెళ్ళి గుర్తు మార్చడం లేదు.

నేను రెండుసార్లు చదివా. నిజం చెప్పాలంటే మూడుసార్లు, ఎందుకంటే నేను ఇంటర్ ఎంపీసీ, మాకు లెట్ లేకుండా ఆలోచించడం అలవాటు లేదు. చదివాక నవ్వొచ్చింది, సంతోషంతో. తర్వాత ఆ ఎర్ర ఇంకు మళ్ళీ కనపడింది.

స్కూల్ వాళ్ళ లెక్క ప్రకారం న్యాయం జరిగిందండోయ్, మనం తప్పు పట్టకూడదు. జవాబుల కీ ఉంటుంది. కీలో స్టెప్పులుంటాయి. "లెట్ ద ప్రెజెంట్ ఏజ్ ఆఫ్ ద సన్ బి ఎక్స్ ఇయర్స్" అని రాస్తే ఒక మార్కు. ఈక్వేషన్ రాస్తే ఒకటి. సాల్వ్ చేస్తే ఒకటి. యాన్సర్ కి ఒకటి. మా పిల్లకి వచ్చింది ఆ చివరిది. ఇంకో విశేషం చూడండి, ఆ పక్క బెంచీ అబ్బాయి లెట్ రాశాడు, ఈక్వేషన్ కూడా రాశాడు, ఆ తర్వాత ఎక్కడో బ్రాకెట్లో కాలు జారి కొడుక్కి 36, తండ్రికి 108 అని తేల్చాడు, వాడికి రెండు మార్కులు. 108 ఏళ్ళ తండ్రికి రెండు, 36 ఏళ్ళ తండ్రికి ఒకటి. పెద్దవాళ్ళని గౌరవించడం మన సంప్రదాయం కదా.

లెట్ అంటే మామూలు మాట కాదు మరి. తెలుగు మీడియంలో మాకు "ఎక్స్ అనుకొనుము" అని ఉండేది. అనుకొనుము అంటే కనీసం అనుకోవడం ఉంది అందులో, అంటే బుర్రలో ఏదో జరగాలి. లెట్ కి ఆ బాధ లేదు, అది గుమ్మం ముందు విప్పే చెప్పుల్లాంటిది, విప్పితేనే లోపలికి. లోపల దేవుడున్నాడా లేడా అని ఎవరూ చూడరు.

ఒక్క లెట్టే కాదు. మార్జిన్ పెన్సిల్ తో కొట్టాలి. రఫ్ వర్క్ కుడి పక్కన గీత గీసి చెయ్యాలి, చివర యాన్సర్ చుట్టూ డబ్బా కట్టాలి, డబ్బా స్కేలుతో కట్టాలి, చేత్తో కడితే అర మార్కు పోతుంది. వృత్తాలైతే ఈ దేశంలో వ్యాసార్థం 7, 14, 21 సెంటీమీటర్లకి మాత్రమే పుడతాయి, పై (π) విలువ 22/7 తో కొట్టేసుకుపోవాలి కదా, 10 సెంటీమీటర్ల పళ్ళెం మన పుస్తకాల్లో దొరకదు. క్లాస్ వర్క్ నోట్సు, హోమ్ వర్క్ నోట్సు, రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు, నాలుగింటికీ ఖాకీ అట్టలు, లేబుళ్ళు. ఇందులో లెక్కలు ఎక్కడున్నాయి అని అడక్కండి, అవి మెటీరియల్ లో ఉన్నాయి, బోర్డు మీద నుంచి నోట్సులోకి వెళ్తున్నాయి, మధ్యలో ఏ బుర్రలోనూ ఆగట్లేదు.

ఇంతా చేసి సాయంత్రం అయిదింటికి అదే బెంచీలో అదే పిల్లలకి ఫౌండేషన్ క్లాసు ఉంటుంది. ఏడో తరగతి నుంచే ఐఐటీకి పునాది, మొక్క మొలవకముందే కంచె అన్నమాట. అక్కడ ఇంకో సారొస్తాడు. ఆయన ఏమంటాడంటే, "స్టెప్స్ ఎవడు రాయమన్నాడురా? లెట్ ఏంటి లెట్? ఓఎంఆర్ షీట్ లో లెట్ కి బబుల్ ఉందా? ఆప్షన్లు నాలుగూ ఎక్కించి చూడు, ఏది సరిపోతే అది, నలభై సెకన్లు, నెక్స్ట్!" పొద్దున లెట్ రాయకపోతే తప్పు, సాయంత్రం లెట్ రాస్తే తప్పు. ఇద్దరు సార్లూ ఒకే స్టాఫ్ రూములో ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు, వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ గొడవ రాలేదు. ఎందుకంటే ఇద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు, పిల్ల మాత్రం సొంతంగా ఆలోచించకూడదు.

మేం ఉండేది రాజమండ్రిలో అండి. రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు. ఆ కాలం వాడే అని చెప్పుకునే పావులూరి మల్లన, జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితాన్ని సంస్కృతంలోంచి తెలుగులోకి తెచ్చినాయన, లెక్కలన్నీ పద్యాల్లో చెప్పిన మహానుభావుడు. ఆ పేపర్ చూసిన రాత్రి నిద్ర పట్టక నేను ఆయన్ని తీసుకొచ్చి మా పిల్ల స్కూల్లో సెవెంత్ సి సెక్షన్లో చేర్పించా. ఊహలోనే లెండి, నిజంగా చేర్పించడానికి అంత డొనేషన్ నా దగ్గర లేదు.

మల్లన గారు ఎఫ్ఏ టూకి తాటాకులూ గంటం పట్టుకుని వచ్చారు. టై లేదని గేటు దగ్గరే ఆపారు. ఎలాగో లోపలికొచ్చి అదే తండ్రీ కొడుకుల లెక్కకి నిక్షేపంలాంటి సీసపద్యంలో జవాబు రాశారు, కింద ఎత్తుగీతిలో 12, 36 తేల్చారు. సార్ చూశాడు. "లెట్ ఎక్కడ?" మల్లన వినయంగా, "అయ్యా, 'అనుకొందము' అని మూడో పాదంలో ఉంది, యతి కుదరక కొంచెం అవతలికి జరిపాను" అన్నారు. "యతి సిలబస్ లో లేదు. డబ్బా ఏది?" "పద్యానికి డబ్బా కట్టరండి." నాలుగుకి సున్నా, రాతకి జాలితో అర. పైగా తాటాకు స్కానర్లో పట్టదు కాబట్టి అసలు ఆబ్సెంట్ అని యాప్ లో పడింది, పేరెంట్ కి మెసేజ్ వెళ్ళింది. పేరెంట్ అంటే గార్డియన్ కాలమ్ లో రాజరాజనరేంద్రుడి నంబరుంది. మహారాజు కిరీటంతో సహా రెండో శనివారం పీటీఎం, అంటే పేరెంట్స్ మీటింగ్, క్యూలో నిలబడ్డాడు, టోకెన్ 38. ముందు 37 మంది తల్లులు, అందరిదీ ఒకటే మాట, ఇంట్లో అన్నీ వస్తాయండి, పరీక్షలో సిల్లీ మిస్టేక్స్. మహారాజు వంతు వచ్చేసరికి "వీళ్ళ వంశానికి మేము నవఖండవాడ అగ్రహారం ఇచ్చిన మాట లోకమంతా చెప్పుకుంటుంది" అని మొదలెట్టబోతే అకౌంట్స్ ఆయన తల ఎత్తకుండా, "అగ్రహారం సంగతి తర్వాత సార్, సెకండ్ టర్మ్ డ్యూ ఉంది." పక్క గదిలో నన్నయ్యగారున్నారు, ఆయన్ని అడుగుదాం అని వెళ్తే ఆయనకి తన గొడవే తనకి. తెలుగు సెక్షన్ ఎత్తేస్తున్నారట, రేపు ఇంటర్లో సంస్కృతం తీసుకుంటే మార్కులొస్తాయని ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్నారట, అనువాదం చేసిన మనిషి కదా సంస్కృతం వచ్చే ఉంటుందిలే అని ఆయన్ని ఉద్యోగంలో ఉంచారట. ముగ్గురూ కలిసి గోదావరి గట్టుకి పోయి కూర్చున్నారు. మల్లన మాత్రం తాటాకు మీద ఏదో గీసుకుంటున్నాడు. ఏంటని చూస్తే, మార్జిన్.

సరే, లేచి కూర్చుందాం. శనివారం నేనూ నిజంగానే వెళ్ళా. క్లాసులో బోర్డు పైన శ్రీనివాస రామానుజన్ ఫోటో, దండ వేసి ఉంది. డిసెంబర్ 22కి గణిత దినోత్సవం చేశారట, పిల్లలు అంకెల ముగ్గులేశారు, ఒకడికి నామం పెట్టి కోటు తొడిగి రామానుజన్ ని చేశారు. ఆయన 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాస్తే అందులో వందకి పైగా సూత్రాలు, దాదాపు ఏ ఒక్కదానికీ రుజువు లేదు, స్టెప్పులు లేవు. ఇంకో మాట, ఆయన కూడా ఎఫ్ఏ తప్పాడు. అప్పట్లో ఎఫ్ఏ అంటే కాలేజీ పరీక్ష, రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్నాడు, లెక్కల్లో కాదు, మిగతా వాటిలో. మా పిల్ల మాత్రం ఎఫ్ఏలో లెక్కల్లోనే పోగొట్టుకుంది, ఆ విధంగా మనం కొంత ముందుకెళ్ళాం.

సార్ మంచివాడండి. చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. అయిదు సెక్షన్లు, రెండు వందల పైచిలుకు పేపర్లు, శనివారం చేతికొస్తే సోమవారం పొద్దున్నకి మార్కులు యాప్ లో ఎక్కాలి. నేను పేపర్ ముందు పెట్టి "ఒక్కసారి చదవండి సార్" అన్నా. చదివాడు. అంతకు ముందు చదవలేదని ఆ మొహంలోనే తెలిసిపోయింది, లెట్ కోసం మొదటి లైను చూసి కిందకి దిగి ఉంటాడు. ఈసారి మెల్లిగా చదివాడు, మధ్యలో ఒకసారి వేలు పెట్టి ఆగాడు, మళ్ళీ పైకెళ్ళాడు. "బాగుందండీ" అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కానీ కీ హెడ్డాఫీసు నుంచి వస్తుందండి. నేను నాలుగేస్తే నన్నడుగుతారు" అన్నాడు.

ఇంక నేనేం మాట్లాడను ఆయనతో?

నాకు కాలింది మాత్రం ఆ మూడు మార్కులకి కాదు. తిరిగొస్తుంటే స్కూటర్ మీద వెనక కూర్చుని పిల్ల చెప్పింది. జూన్ లో క్లాసులో అడిగిందట, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది సార్ అని. పాత సారో ఈ సారో తెలీదు, నేను అడగలేదు. "అది రూలమ్మా, రాసుకో." మళ్ళీ అడిగిందట. యాభైసార్లు రాసుకు రమ్మన్నారు. రాసింది. క్లాసంతా నవ్వారు. "అప్పట్నుంచి నేనేం అడగట్లేదులే మావయ్యా" అంది, ఏదో పెన్సిల్ పోయింది అన్నంత మామూలుగా.

యాభైసార్లు! ఏం రాయించారురా, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, రామకోటా అది? దానికి జవాబు మన భాషలోనే ఉంది కదా, ధన సంఖ్య, ఋణ సంఖ్య అని! ధనం అంటే డబ్బు, ఋణం అంటే అప్పు, మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లో ఇదే మాటలతో సూత్రాలు రాసి పెట్టాడు. సర్కారు బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి మా ఆటో అతని కొడుక్కి కనీసం ఆ మాట కంటపడుతుంది, లక్ష కట్టిన పిల్లకి అదీ లేదు, నెగటివ్ ఇంటిజర్ అంట. నాకు వంద రూపాయల అప్పులు మూడున్నాయి, ఎవరో ఆ మూడూ కొట్టేశారు, నేను 300 బాగుపడ్డానా లేదా? మైనస్ ని మైనస్ చేస్తే ప్లస్. రుణమాఫీ అయ్యా అది! 2014 ఎన్నికల్లో ఇటు ఆంధ్రాలోనూ అటు తెలంగాణలోనూ ఈ లెక్క చెప్పే ఓట్లడిగారు, ఊళ్ళో చదువురాని రైతుకి కూడా అర్థమైంది, మీ హెడ్డాఫీసుకి అర్థం కాలేదా? పన్నెండేళ్ళ పిల్ల నోరు తెరిచి ఎందుకు అని అడిగితే రెండు నిమిషాలు పట్టే జవాబు మీ దగ్గర లేక, దాని చేత్తోనే దాని నోరు మూయిస్తారా? ఫీజు తీసుకుని మరీ?

రుణమాఫీ సంగతి స్కూటర్ ఆపి చెప్పా దానికి, కంబాలచెరువు దగ్గర, మిరపకాయ బజ్జీల బండి పక్కన. "ఓహ్, అంతేనా" అంది. "మరి రూల్ అన్నారే?"

నేను వచ్చి ఇదంతా రాద్దామని కూర్చుని రెండు నెలలు వాయిదా వేశా. ఈలోపు ఎఫ్ఏ త్రీ అయిపోయింది. మళ్ళీ అదే మోడల్ వచ్చింది, ఈసారి తల్లీ కూతురు. నాలుగుకి నాలుగు. మొదటి లైను స్కేలు పెట్టి గీసినంత నీటుగా "లెట్", చివర రెండు గీతల డబ్బా. అక్క పేపర్ ఈసారి నేరుగా బావకే చూపించి ఆత్రేయపురం పూతరేకులు తెప్పించింది.

పిల్లని పక్కకి పిలిచి అడిగా, కూతురి వయసు అంతే ఎందుకొచ్చిందే అని.

"ఏమో మావయ్యా. లెట్ రాసి అలా చేసుకుంటూ పోతే వచ్చేసింది" అంది.

బాధతో నేను పూతరేకు ముట్టలేదని రాద్దామనుకున్నా గానీ, రెండు తిన్నా.