ఈ ఆదివారం ఏ బీచ్?

హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగగానే విశాఖపట్నంలో ప్రతి ఇంట్లోనూ రెండు ప్రశ్నలు లేస్తాయి. సింహాచలం ఎప్పుడు? ఏ బీచ్? మొదటిదానితో పేచీ లేదు, అప్పన్న ఉన్నది ఒక్క కొండ మీదే. రెండోదాని దగ్గరే కొంపలు అంటుకుంటాయి.

ఊరికి ఒక్క బీచ్ ఉన్నవాళ్లు పుణ్యాత్ములు. బందరు వాళ్లు మంగినపూడి అంటారు, బాపట్ల వాళ్లు సూర్యలంక అంటారు, చెప్పులేసుకుని బయల్దేరతారు. మాకా సుఖం లేదు. అప్పికొండ, యారాడ, ఆర్కే బీచ్, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, సాగర్ నగర్, ఋషికొండ, మంగమారిపేట, భీమిలి... ఈ జాబితా చదివేలోపే పొద్దుగూకుతుంది. ఇరవై ఏళ్లుగా నేనీ సమస్యను దగ్గర్నుంచి పరిశీలిస్తున్నాను. పరిశీలన అంటే మరేం లేదు, స్టీరింగ్ పట్టుకుని ఎటు తిప్పాలో వెనకసీటు వాళ్లు తేల్చేదాకా ఇంజిన్ ఆపకుండా కూర్చోవడం.

నా పరిశీలనలో తేలిన మొదటి సంగతి: ఎవరింటికి దగ్గరున్న బీచ్ వాళ్లకి ప్రపంచంలోకెల్లా అందమైనది. మా తోడల్లుడు గాజువాకలో ఉంటాడు. "యారాడకి సాటి లేదన్నయ్యా, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం" అంటాడు. నిజమే. కానీ ఎంవీపీ కాలనీ నుంచి నేను ఊరంతా దాటి, పోర్టు లారీల వెనక పొగ మింగి, సింధియా దాటి, డాల్ఫిన్స్ నోస్ కొండెక్కి దిగాలి. ఆయనకది సాయంత్రం షికారు, నాకు తీర్థయాత్ర. మధురవాడలో ఉన్న మా ఆవిడ పిన్ని ఋషికొండ తప్ప మిగతావన్నీ మురికి అంటుంది. భీమిలి గురించి ఎవరూ పోట్లాడరు. అది దూరం కాబట్టి దాన్ని అందరూ ప్రేమిస్తారు. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు, 1861లోనే వచ్చిన మున్సిపాలిటీ, ఇవన్నీ కారులో కూర్చునే చెప్పుకుని "ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా" అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ మా బావమరిది భీమిలికి ఈసారే వెళ్తున్నాడు.

ఋషికొండ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానికి సర్టిఫికెట్ ఉంది. 2020లో డెన్మార్క్ సంస్థ ఒకటి దానికి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు జెండా, ఇచ్చింది. నీళ్లు, శుభ్రత, భద్రత అంటూ మొత్తం 33 ప్రమాణాలు చూస్తారట. మా ఇంట్లో పెళ్లిచూపులకి కూడా అన్ని ప్రశ్నలు వేయలేదు. 2025లో నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదుల మీద ఆ జెండా దింపేశారు, తర్వాత మళ్లీ ఎగరేశారు. జెండా లేని ఆ రోజుల్లో కూడా కెరటాలు డ్యూటీ మానలేదని చూసినవాళ్లు చెప్పారు.

అసలు చిక్కు జెండాతో కాదు, కొండతో. ఋషికొండ అనగానే కారులో మాటలు ఇసుక మీద నిలవవు, సరాసరి కొండెక్కి, అక్కడ ప్రభుత్వం కట్టించిన వివాదాల భవనాల్లో దూరతాయి. వాటి మీద మా తోడల్లుడిది ఒక పార్టీ అభిప్రాయం, బావమరిదిది అవతలి పార్టీ అభిప్రాయం. మధ్యలో కూర్చున్న మా అత్తగారికి బీపీ. అందుకని మా కుటుంబంలో ఏడాది పొడుగునా ఎన్నికల కోడ్ అమల్లో ఉంటుంది. ఋషికొండ పేరెత్తకూడదు, "ఆ ఐటీ కంపెనీల వైపున్న బీచ్" అనాలి.

తెన్నేటి పార్కుకి ఓటేసేవాళ్లు ఆశావాదులు. విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు దానిది. చెట్లు, రాళ్లు, కింద సముద్రం, చూడ్డానికి బాగానే ఉంటుంది. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి సరిగ్గా ఆ పార్కు ముందే కూలబడింది. లాగుదామని చూశారు, కదల్లేదు. సరే, అయితే రెస్టారెంటు చేద్దామన్నారు. ఇన్ని బీచ్‌ల్లో ఎక్కడ ఆగాలో తేల్చుకోలేక గట్టెక్కేసిన ఆ ఓడ మీద నాకు చెప్పలేనంత జాలి. నేనూ ఆదివారాలు అలాగే ఎక్కడో ఒకచోట కూలబడుతుంటాను.

ఇంత చర్చ జరిగాక మేం వెళ్లేది ఆర్కే బీచ్‌కే.

కారణాలు బలమైనవే. పిల్లలకి కురుసుర ఉంది. 1969లో నేవీలో చేరిన జలాంతర్గామి, 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియంగా బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా సెటిలైంది. విశాఖలో రిటైరయ్యే ప్రతి ఉద్యోగి కలా అదే. ఎదురుగా విమానం మ్యూజియం కూడా ఉంది. ఇక సముద్రం మీద నడుద్దామన్న సరదా ఉన్నవాళ్ల కోసం 2024 ఫిబ్రవరిలో తేలే వంతెన కట్టారు. ప్రారంభించిన మర్నాడే దాని చివరి ముక్క విడిపోయి నీళ్ల మీద తన దారిన తను పోయింది. పడిపోలేదు, మాక్ డ్రిల్‌లో మేమే విడదీశామని అధికారులు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో గ్లాసు పగిలినా మాక్ డ్రిల్లే.

ఆ ఇసుక కూడా అక్కడిది కాదు, అదో ముచ్చట. ఒడ్డు వెంబడి ఉత్తరానికి జరగాల్సిన ఇసుకని హార్బరు గోడలు ఆపేస్తాయి. ఇవతల ఒడ్డు కోతకి గురవుతుంది. అందుకని పోర్టు వాళ్లు అటువైపు తవ్విన ఇసుకని ఇటు తెచ్చి పోస్తారు. అంటే ఆర్కే బీచ్‌లో మన అరికాలికి తగిలేది డెలివరీ ఇసుక.

నీళ్లలో దిగడం గురించి మాత్రం వెటకారం ఆడను. ఇక్కడి ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహం పైకి కనిపించదు. ప్రమాదమని రాసిన బోర్డుకే చొక్కాలు తగిలించి దిగేవాళ్లని ఎన్నిసార్లో చూశాను. లైఫ్‌గార్డ్ ఈల వేస్తే వీళ్లు చెయ్యి ఊపుతారు, హలో చెప్పాడనుకుని.

మొన్న ఆదివారం సంగతి. నాలుగింటికి మొదలైన చర్చ ఐదున్నరకి తెగింది. పార్కింగ్ కోసం బీచ్ రోడ్డు మీద మూడుసార్లు తిరిగాం. మూడోసారి ఒకడు కారు తీస్తుంటే మా బావమరిది దిగి పరిగెత్తి, ఆ ఖాళీలో రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అతను పెద్ద కంపెనీలో మేనేజరు. ఆ క్షణంలో పొలం గట్టు మీద కాపు కాసే రైతులా ఉన్నాడు.

దిగగానే అందరూ సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. బళ్లన్నీ రోడ్డు వైపే కదా. మొక్కజొన్నల ఆమె విసనకర్రతో బొగ్గుల్ని రేపుతుంటే నిప్పురవ్వలు గాలికి ఎగిరి మా చున్నీల దాకా వచ్చాయి. సగం నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది, కంకి మీద గట్టిగా రుద్ది ఇచ్చింది. కొరికితే మొదట కారం, తర్వాత పులుపు, ఆఖర్న పళ్ల కింద ఇసుక. పక్కన మురీ మిక్చర్ అతను ఉల్లిపాయ తరిగి, డబ్బాలో వేసి గరిటెతో టకటకా కొడుతున్నాడు. మా తోడల్లుడు రెండో పొట్లం అడుగుతూ "యారాడలో ఇంత మిక్చర్ దొరకదన్నయ్యా" అని ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లలో అతను నాతో ఏకీభవించడం అదే మొదలు.

ఆ హడావిడిలో మా అత్తగారు కనపడలేదు. వెతికితే, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని కెరటం అంచున నిలబడి ఉన్నారు. వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకుని, దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చారు. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. "గంగమ్మని చూసేశాను బాబూ, ఇంక పదండి, మంచు పడితే నాకు పడదు" అన్నారు.

చెప్పులు దులుపుకుని అందరం కారెక్కాం. సీట్ల నిండా ఇసుక. డోరు వేస్తూ మా బావమరిది నిట్టూర్చాడు.

"బావా, ఎంతైనా ఆ ఐటీ కంపెనీల వైపు బీచ్‌కి వెళ్లాల్సింది."