పక్క సీట్లో సోనామసూరి

డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ప్లేనోలో కొత్తగా దిగిన తెలుగువాడు సోషల్ సెక్యూరిటీ నంబరు సంపాదించి, బ్యాంకులో ఖాతా తెరిచి, గోంగూర దొరికే దుకాణం కనిపెట్టిన తరువాత, నాలుగో పనిగా నా దగ్గరికి వచ్చేవాడు. ఏ కారు కొనాలో చెప్పే బాధ్యతను ఊరు నాకు ఎప్పుడు అప్పగించిందో గుర్తులేదు కాని, ఇరవై ఏళ్ళుగా దాన్ని నేను నిష్ఠగా నిర్వర్తించాను. నా సమాధానం ఎప్పుడూ ఒక్కటే కాబట్టి ప్రశ్న పూర్తిగా వినే అలవాటు కూడా నాకు ఉండేది కాదు. బ్రహ్మచారి అయితే కొరోలా, పెళ్ళయితే క్యామ్రీ, పిల్లలు పుడితే హైలాండర్, రెండు వైపుల తల్లిదండ్రులూ వంతులవారీగా వచ్చిపోతూ ఉంటే సియెన్నా. ఏ ఆశ్రమంలో ఉన్నవాడికైనా టొయోటా తప్ప మరో గతి లేదన్నది నా సిద్ధాంతం.

ఈ భక్తికి మూలం 2000లో నేను కొన్న పాత క్యామ్రీ. 1994 నాటి ఆ బండి నా చేతికి వచ్చేసరికే 1,18,000 మైళ్ళు తిరిగింది. ఆయిలు మార్చడం తప్ప దానికి చెప్పుకోదగ్గ సేవ ఏమీ చేయకుండా మరో లక్ష మైళ్ళకు పైగా తోలి, ఆ తరువాత వచ్చిన ఒక విద్యార్థికి అమ్మితే, అతను రోజూ దానికి దండం పెట్టి ఎక్కేవాడు. క్యామ్రీ అన్న పేరు జపాను భాషలో కిరీటమని అర్థమున్న ‘కన్మురి’ నుంచి వచ్చిందనీ, టొయోడా అనే ఇంటిపేరును 1936లో టొయోటాగా మార్చుకోవడానికి ఒక కారణం ఆ మాట జపాను లిపిలో ఎనిమిది గీతలతో పూర్తికావడమేననీ, అక్కడ ఎనిమిది శుభసంఖ్య అనీ నేను భోజనాల దగ్గర అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ ఉండేవాణ్ణి. మనకు ఎనిమిది శని సంఖ్య కదా అని ఎవరైనా సందేహిస్తే, ఆయుష్షుకు కారకుడు శనీశ్వరుడే కదా అని సర్దిచెప్పేవాణ్ణి. ఆ కంపెనీ తన అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని టారన్స్ నుంచి 2017లో మా ప్లేనోకు మార్చినప్పుడైతే, కులదైవం కలలో కనిపించి మా పొలిమేరలో గుడి కట్టమని అడిగినంత పొంగిపోయాను.

నా బోధకు బలైనవారిలో ముఖ్యుడు మా ఏలూరు మిత్రుడు. ఆయన 2012లో ముస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారు కొనాలని నిశ్చయించుకుని, రంగు కూడా ఎంచుకుని, కేవలం మర్యాద కోసం నాకు ఒక మాట చెప్పిపోదామని వచ్చాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి, రెండుసార్లు కాఫీ ఇప్పించి, బీమా ఖర్చు, తిరిగి అమ్మితే వచ్చే ధర, వెనక సీట్లో అత్తగారి మోకాళ్ళు అనే మూడు అంశాల మీద రాత్రి పదకొండు వరకు మాట్లాడాను. మరునాడు ఆయన తెల్ల క్యామ్రీ కొన్నాడు. ఆ తరువాత తెల్ల హైలాండర్ కొన్నాడు. రోడ్డు మీద ముస్టాంగ్ ఎదురైతే ఆయన ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటాడని వారి ఇల్లాలు మా ఆవిడతో అన్నదట.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడడానికి కారణం మా పక్కింటి పెద్దాయన మోకాలు. శస్త్రచికిత్సకు వెళుతూ ఆయన నా చేతిలో ఒక తాళం పెట్టి, తాను తిరిగివచ్చేదాకా వారానికొకసారి గ్యారేజీలోని బండిని బయటికి తీసి తిప్పకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని చెప్పాడు. తీరా తలుపు తెరిచి చూస్తే ఎర్రగా, పొట్టిగా, రెండే సీట్లతో, నా నడుము ఎత్తు దాటని మాజ్దా మియాటా! ఇరుగుపొరుగు ధర్మం కనుక ముక్కు మూసుకుని మందు మింగినట్టు ఎక్కాను అని రాయాలని ఉంది కాని, దాన్ని ఎక్కడం అనరు, అందులోకి దిగడం అంటారు.

తెనాలిలో మారుతి 800 మీద నేర్చుకున్న గేర్ల విద్యను అమెరికాలో ఇరవై ఏళ్ళ ఆటోమేటిక్ బళ్ళు తినేశాయి. పైగా అక్కడ ఎడమచేతితో వేసిన గేరును ఇక్కడ కుడిచేతితో వేయాలి. మొదటి మలుపులో నా ఎడమచేయి పూర్వజన్మ వాసనతో గేరు కోసం వెతికి తలుపును గుద్దింది. రెండో మలుపులో అదే చేయి ఏదో మీటను నొక్కడంతో కిటికీ అద్దం దిగిపోయింది. మాజ్దా వారు ఈ బండి గురించి ‘జిన్బా ఇత్తాయ్’ అని ఒక మాట వాడతారు. గుర్రమూ రౌతూ ఒకటైపోవాలని దాని భావం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరుగెత్తుతుందన్నది మన మాట. క్లచ్చి వదిలిన ప్రతిసారీ ఆ గుర్రం సరిగ్గా మూడు కాళ్ళ మీదే గెంతి, సిగ్నలు పచ్చబడగానే నిలబడిపోయి, వెనకవాళ్ళ చేత హారన్లు కొట్టించింది. అయినా మూడో వారానికి రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు చేతికి తగిలే ఆ చిన్న ‘టిక్కు’ కోసం, అవసరం లేని చోట కూడా గేర్లు మారుస్తున్నానని గమనించాను. ఒక ఆదివారం తెల్లవారుజామున, చేయి పైకి చాచి ఒకే ఒక కొక్కెం విప్పి పైకప్పును ఒంటిచేత్తో వెనక్కి నెట్టగానే చల్లగాలి బట్టతలకు తగిలింది. అంతే, పని అయిపోయింది.

ఆ తరువాత రాత్రుళ్ళు అందరూ పడుకున్నాక, పెళ్ళిచూపుల ముందు అమ్మాయి వంశవృక్షం తిరగేసే పెళ్ళికొడుకులా దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. బాబ్ హాల్ అనే కాలిఫోర్నియా పాత్రికేయుడు 1979లో మాజ్దా పరిశోధన విభాగాధిపతి కెనిచి యమమోటోతో మాటల మధ్య, పాత ఇంగ్లీషు బళ్ళ వంటి తేలికైన రెండు సీట్ల బండి మీరెందుకు చేయకూడదు అన్నాడట. ఆ మాట పదేళ్ళు నాని 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో బండిగా బయటికి వచ్చిందనీ, 2016 నాటికి పది లక్షలు దాటిందనీ, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకంలో ఉందనీ చదివి, పాతికేళ్ళపాటు ఈ సంబంధం నా కంట ఎందుకు పడలేదా అని బాధపడ్డాను. మియాటా అంటే ప్రాచీన జర్మన్ భాషలో ‘బహుమానం’ అట. కొత్త మోకాలితో అంత కిందికి వంగడం ఇక తన వల్ల కాదని పక్కింటాయన తేల్చి, బండిని అమ్మకానికి పెడుతున్నానని నాతో అన్నప్పుడు, అమ్మకానికి పెట్టవలసిన అవసరం ఏమీ లేదని నా నోరే చెప్పేసింది.

మా ఆవిడ పెద్దగా అడ్డు చెప్పలేదు. ఈ వయసులో ఇంతకంటే చవకైన జబ్బులు తక్కువ అని మాత్రం అన్నది. నా భయమంతా ఊరి గురించే. అందుకే మా ఇంట్లోని ప్రతి టొయోటాకూ గుడి ముందు అర్చకుల చేత పూజ చేయించిన నేను, దీనికి మాత్రం గ్యారేజీ తలుపు మూసి నాలుగు నిమ్మకాయలతో సరిపెట్టి, ముసుగు కప్పి, ఆదివారం సూర్యోదయానికి ముందు మాత్రమే బయటికి తీస్తూ ఐదు నెలలు నెట్టుకొచ్చాను.

ఆరో నెలలో ఒక శనివారం మా ఆవిడ ఒక చీటీ ఇచ్చింది. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా, మునక్కాడలు, కరివేపాకు, తిరిగి వచ్చేటప్పుడు డ్రైక్లీనింగ్ దుకాణం నుంచి ఆమె పట్టు చున్నీ. సియెన్నాలో వెళ్ళమన్నది. ఎండ చూసి, బ్యాటరీ వంక చెప్పి, నేను ఎర్రబండిలో వెళ్ళాను. దాని డిక్కీ పట్టేది 130 లీటర్లు. చీటీలో లేని గోంగూర, సొరకాయ, చవకగా వస్తున్నాయని తీసుకున్న రెండు పెట్టెల మామిడిపండ్లతో అది నిండిపోగా, బియ్యం బస్తాకు పక్క సీటు తప్ప దారి లేకపోయింది. మునక్కాడలు దాని కాళ్ళ దగ్గర నిలబడ్డాయి. బండి కదలగానే, పక్క సీట్లోని వ్యక్తి బెల్టు పెట్టుకోలేదని బండి టింగుటింగుమని మొత్తుకోవడం ప్రారంభించింది. నేను దిగి, బస్తాకు బెల్టు పెట్టాను. బెల్టు మధ్యలో నొక్కడంతో బస్తాకు అంతవరకూ లేని నడుము వచ్చింది.

అర మైలు వెళ్ళేసరికి మెడ మీద ఏదో చిటుక్కుమన్నది. తరువాత చెవి మీద, ఆ తరువాత కళ్ళజోడు మీద. బస్తా పైకుట్టు ఒక మూల విడిపోయి, నలభై మైళ్ళ వేగపు గాలికి బియ్యపుగింజలు లేచి, పెళ్ళిపీటల మీద కూడా పడనన్ని అక్షింతలు నా నెత్తిన పడుతున్నాయి. ఒక పక్కన ఆపి, బస్తా మూతిని మడిచి, దాని మీద నా టోపీ బోర్లించి, టోపీ ఎగిరిపోకుండా పసుపుపచ్చ చున్నీని చుట్టూ తిప్పి గడ్డం కింద, అంటే గడ్డం ఉండవలసిన చోట, ముడివేశాను. ఇంజనీరుగా నా జీవితంలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత చక్కని పరిష్కారం మరొకటి చేయలేదని ఆ క్షణాన గర్వపడ్డ మాట నిజం.

లెగసీ డ్రైవ్ సిగ్నలు దగ్గర బ్రేకు కాస్త గట్టిగా పడింది. బస్తా నా వైపు ఒరిగింది. నేను చేయి చుట్టూ వేసి దాన్ని నా భుజానికి ఆనించుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువులతో మాట్లాడే పాత అలవాటు కొద్దీ, “కాసేపు ఓర్చుకో తల్లీ, ఇంకెంత, ఇంటికి వచ్చేశాం” అన్నాను. పక్క వరుసలో, నా తలకు మూడడుగుల ఎత్తులో, తెల్ల హైలాండర్ కిటికీ అద్దం మెల్లగా కిందికి దిగి, అంతకంటే వేగంగా పైకి లేచింది. హైలాండర్‌లో కూర్చుంటే రోడ్డంతా పైనుంచి చక్కగా కనిపిస్తుందని వారికి చెప్పి కొనిపించింది నేనే.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ గ్యారేజీ ముందు ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఉన్నది. ఆమె ఆనాటి సంభాషణను తరువాత నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. “వదినా, అన్నయ్యగారు ఇంట్లోనే ఉన్నారా?” అని మొదలైందట. లేరు, సరుకులకు వెళ్ళారంటే, “ఒక్కరే వెళ్ళారా?” అని కాసేపు నిశ్శబ్దమట. ఆ తరువాత, చెప్పకూడదనుకుంటూనే, పసుపు చున్నీ కప్పుకున్న ఒక మనిషి సంగతీ, భుజం సంగతీ, కొంచెం లావుగా ఉన్నదన్న సంగతీ చెప్పారట. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా బండి దగ్గరికి వచ్చి, చున్నీ ముడి విప్పి, టోపీ తీసి, బస్తా మూతిలోకి చూసి, “ఇది పాత బియ్యమేనా?” అని అడిగింది. పాతవే అని చెప్పాక కాని ఫోను తిరిగి చెవి దగ్గర పెట్టుకోలేదు.

నేను గండం గడిచిందనుకున్నాను. సాయంత్రానికి మా ఇంటి ముందు ఐదు టొయోటాలు వరుసగా ఆగాయి. ఏలూరు మిత్రుడు ముందు నడిచాడు. చున్నీ గురించి, బస్తా గురించి విచారణకు వచ్చారేమోనని సంజాయిషీ మొదలుపెడితే ఆయన చేయెత్తి ఆపి, “ఆవిడ ఎవరన్నది మీ ఇంటి విషయం గురువుగారూ, అది మేము అడగం. ఆ బండి ఏమిటి?” అన్నాడు.

నా దగ్గర సమాధానాలు లేకపోలేదు. టొయోటా 2017లో మాజ్దాలో ఐదు శాతానికి పైగా వాటా తీసుకున్నదనీ, అలబామాలోని హంట్స్‌విల్‌లో ఇద్దరూ కలిసి కర్మాగారం కూడా పెట్టారనీ, కనుక ఇది దాయాదుల బండే తప్ప పరాయిది కాదనీ అన్నాను. ఒకాయన ఫోను తీసి, 1,060 కిలోల బండిలో ఐదు శాతం అంటే 53 కిలోలు, అంటే ఆరు బియ్యం బస్తాలంత మాత్రమే టొయోటా అని లెక్కకట్టాడు. సుప్రా అనే స్పోర్ట్స్ కారు కోసం టొయోటాయే బీఎండబ్ల్యూ గుమ్మం తొక్కిందనీ, 86 అనే మరో స్పోర్ట్స్ కారు కోసం సుబారుతో పొత్తు పెట్టుకున్నదనీ, దేవుడే గడప దాటగా లేనిది భక్తుడు దాటితే తప్పేమిటనీ వాదించాను. “అయితే ఆ 86నే కొనవలసింది” అన్నారు వెనకనుంచి ఎవరో. దానికి పైకప్పు తెరుచుకోదు కదా అన్న మాట నా నోటి నుంచి వచ్చిన విధానంలో ఏమి వినిపించిందో కాని, అందరూ ఒక్కసారిగా గ్యారేజీ వైపు చూశారు.

ఏలూరు మిత్రుడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముసుగు అంచు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, “కేవలం పరిశీలన కోసం” అని చేయి చాచాడు. తాళం ఇవ్వక తప్పలేదు. ఆయన రెండుసార్లు గెంతి, వీధి మలుపులో ఎడమచేతితో తలుపును ఒకసారి గుద్ది, కనుమరుగయ్యాడు. మేము కాఫీలు తాగాము, మామిడిపండ్లు తిన్నాము. ముప్పావుగంట గడిచినా ఎర్రబండి జాడ లేదు. ఇంతలో మా ఆవిడ ఫోను మోగింది.

“వదినా, మా వారు ఎర్రబండిలో అలా దూసుకుపోతూ కనిపించారట, ఎవరో చెప్పారు. పక్కన ఎవరూ లేరు కదా?”

మా ఆవిడ వంటింట్లోకి తొంగిచూసి చెప్పింది. “లేరు వదినా. మా బస్తా ఇంట్లోనే ఉంది.”