వీపీఎన్ కొన్నాం, టీవీని మరిచాం

ఆన్‌లైన్‌లో వీడియోలు చూసేటప్పుడు గోప్యత కావాలంటే వీపీఎన్ పెట్టుకోవాల్సిందేనని ఎక్కడ చూసినా ఒకటే ఊదర. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను దారిలో ఎవరూ చదవకుండా మూసి, వేరే సర్వర్ మీదుగా పంపే సర్వీసు. ఆ ప్రకటనల్లో ఒక ముసుగు దొంగ, ఒక ల్యాప్‌టాప్, మధ్యలో ఒక డాలు తప్పనిసరి. డాలు అమ్ముకునేవాడు దొంగ ఫలానా చోట ఉన్నాడని చెబితే కాస్త అనుమానంతోనే వినాలి. మనం ఏం చూస్తున్నామో తెలుసుకోవాలని నిజంగా ఆరాటపడేవాళ్లు దారిలో కాపు కాయడం లేదు. ఒకరు మన గదిలోనే గోడకు వేలాడుతున్నారు. మరొకరికి మనమే నెలనెలా చందా కడుతున్నాం.

ముందు గోడ మీది సంగతి చూద్దాం. ఇప్పటి స్మార్ట్ టీవీల్లో చాలావాటికి ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్, పొట్టిగా ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. తెర మీది దృశ్యాన్ని, శబ్దాన్ని టీవీ ఎప్పటికప్పుడు నమూనాలుగా తీసుకుని, వాటి నుంచి వేలిముద్ర లాంటి ఒక గుర్తును తయారుచేసి సర్వర్‌కు పంపుతుంది. అక్కడ పోల్చి చూసి, నడుస్తున్నది ఏ కార్యక్రమమో తేల్చేస్తారు. శాంసంగ్, ఎల్‌జీ టీవీల నుంచి బయటకు వెళ్లే డేటాను పరిశీలించి యూరప్, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2024లో ఒక పత్రం వెలువరించారు. దాని ప్రకారం శాంసంగ్ టీవీ 500 మిల్లీసెకన్లకు ఒకసారి నమూనా తీస్తుంది. ఎల్‌జీ టీవీకైతే ఆ వ్యవధి 10 మిల్లీసెకన్లే. టీవీలోని నెట్‌ఫ్లిక్స్ వంటి యాప్‌లు నడుస్తున్నప్పుడు ఈ పని ఆగుతున్నట్టు వారికి కనిపించింది. కేబుల్ ద్వారా తగిలించిన ల్యాప్‌టాప్‌లోనో, గేమ్ కన్సోల్‌లోనో ఏదైనా నడుస్తుంటే మాత్రం ఆగడం లేదు.

ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేసి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, తలుపులు వేసుకుని సినిమా చూసే జాగ్రత్తపరుడిని ఊహించుకోండి. అతని డబ్బంతా దారి కాపలాకే పోయింది. బొమ్మ తెర మీదికి వచ్చాక దాన్ని చదివేది టీవీయే. అక్కడ వీపీఎన్ చేయగలిగేదేమీ లేదు.

ఇది కొత్త వ్యవహారమేమీ కాదు. 1.1 కోట్ల టీవీల నుంచి వీక్షకుల అనుమతి లేకుండా క్షణక్షణం వివరాలు సేకరించిందన్న ఆరోపణపై విజియో అనే టీవీల సంస్థ 2017 ఫిబ్రవరిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ, న్యూజెర్సీ రాష్ట్రంతోనూ 22 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. టీవీకి 20 సెంట్లు అన్నమాట! ఆ లెక్కన ఏ సంస్థ భయపడుతుంది?

ఇక చందా పుచ్చుకునేవాళ్లు, అంటే నెట్‌ఫ్లిక్స్ వంటి వీడియో సర్వీసులవాళ్లు. ఎక్కడ ఆపాం, ఏది సగంలో వదిలేశాం, ఏది మళ్లీ చూశాం అన్నవన్నీ వారి దగ్గర ఉంటాయి. పేర్లు తీసేశాం కదా అన్నది వారి మామూలు సమాధానం. ఆ సమాధానం విలువ ఎంతో సినిమాల సిఫారసులను మెరుగుపరచేందుకు 2006లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన పోటీతోనే తేలిపోయింది. సుమారు 4.8 లక్షల మంది ఇచ్చిన 10 కోట్ల రేటింగులను ఆ సంస్థ పేర్లు తీసేసి విడుదల చేసింది. ఒక మనిషి ఏ ఎనిమిది సినిమాలకు ఎంత రేటింగ్ ఇచ్చాడో తెలిస్తే, అందులో రెండు తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డులను విడిగా గుర్తుపట్టవచ్చని అరవింద్ నారాయణన్, విటాలీ ష్మటికోవ్ అనే పరిశోధకులు నిరూపించారు. అదే తరహా రెండో పోటీని నెట్‌ఫ్లిక్స్ 2010లో రద్దు చేసుకుంది. మన అభిరుచే మన చిరునామా అయినప్పుడు పేరు కొట్టేసి ఏం ప్రయోజనం?

వీపీఎన్ శుద్ధ దండగ అనడం నా ఉద్దేశం కాదు. ఊరూపేరూ తెలియని వైఫైలో పనికొస్తుంది. మనం వాడే సర్వీసు పేరు ఇంటర్నెట్ కంపెనీకి తెలియకుండా దాస్తుంది. అయితే పేరున్న సర్వీసులన్నీ ఇప్పటికే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి పంపుతున్నాయి కాబట్టి, ఆ కంపెనీకి సర్వీసు పేరు తెలిసినా సినిమా పేరు నేరుగా కనబడదు. (నేరుగా అనడానికి కారణం ఉంది. వీడియో ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల పరిమాణాల వరుసను బట్టే ఏ వీడియోనో ఊహించవచ్చని 2017లో కొందరు పరిశోధకులు చూపించారు.) ఉచిత వీపీఎన్ సంగతి మరీ విచిత్రం. వాడుకరుల ఇంటర్నెట్ కనెక్షన్‌నే హోలా అనే ఉచిత సర్వీసు మరో సంస్థ పేరిట ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మాత్రం అన్నీ ఉచితంగా చూపిస్తామంటూ టీవీకి తగిలించే ఊరూపేరూ లేని పెట్టెలది. బాడ్‌బాక్స్ 2.0 అనే హానికర సాఫ్ట్‌వేర్ ఇలాంటి పరికరాల్లో కొనకముందే ఉంటోందని, లేదా సెటప్ సమయంలో వచ్చి చేరుతోందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. ఆ తర్వాత మన ఇంటి కనెక్షన్ మీదుగా ఎవరెవరో నేరాలు నడిపిస్తారు. హానికర యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని ఏ పెట్టె అయినా అడిగిందంటే దాన్ని వెంటనే నెట్‌వర్క్ నుంచి తీసేయాలి.

ఇంత జాగ్రత్త చూసేవాడి నెత్తినే ఎందుకు? ఏసీఆర్ మొదట ఆఫ్‌లోనే ఉండాలి, కావాలనుకున్నవాళ్లే ఆన్ చేసుకోవాలి. కొత్త టీవీ పెట్టగానే వచ్చే ఒప్పందాల తెర మీద అన్నిటికీ ఒకేసారి సరేననే బటన్ పెద్దదిగా మెరుస్తుంటుంది. రిమోట్‌తో ఒక్కో షరతూ చదివే ఓపిక ఎవరికీ ఉండదని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు. అమెరికాలో 1987లో సుప్రీంకోర్టు పదవికి నామినేట్ అయిన రాబర్ట్ బోర్క్ అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్ల జాబితాను ఒక వారపత్రిక అచ్చు వేసింది. మర్నాడు తమ జాబితాలూ బయటపడవచ్చని చట్టసభ సభ్యులకు స్ఫురించిందేమో, మరుసటి ఏడాదికల్లా వీడియో గోప్యతా చట్టం తయారైంది. అంత చురుకు టీవీల విషయంలో కనబడటం లేదు.

చట్టం వచ్చేదాకా మన చేతిలో సెట్టింగులున్నాయి. ఆ 2024 పరిశోధనలోనే, ఆఫ్ చేశాక ఏసీఆర్ డేటా వెళ్లడం ఆగిపోయిందని తేలింది. శాంసంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, ఎల్‌జీలో లైవ్ ప్లస్ పేర్లతో వెతకండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక మరోసారి సరిచూసుకోండి. ప్రతి సర్వీసుకూ వేరే పాస్‌వర్డ్ పెట్టండి, ఎందుకంటే ఒకచోట లీకైన దాన్ని మిగతాచోట్ల ప్రయత్నించడం దొంగలకు నిత్యకృత్యం. హోటల్ టీవీలో లాగిన్ అయి మరిచిపోతే, ఫోనులోంచే అకౌంట్ సెట్టింగులకు వెళ్లి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ అయిపోవచ్చు. పాత టీవీని అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.