చూపేది సింహాన్ని, కాపాడేది దేన్ని?

సెలవు రోజున హైదరాబాద్ జూకు వెళ్లిన కుటుంబం సఫారీ బస్సు ఎక్కకుండా ఇంటికి తిరిగి రావడం అరుదు. కిటికీలకు ఇనుప జాలీ బిగించిన బస్సు గేటు దాటి లోపలికి వెళుతుంది. చెట్టు నీడన పడుకున్న సింహం బద్ధకంగా తల ఎత్తిందంటే చాలు, పిల్లల కేకలు, ఫోన్ల హడావిడి. కాసేపటికి బస్సు మళ్లీ బయటికి వచ్చేస్తుంది. ఈ పద్ధతిలో మెచ్చుకోవలసినది ఒకటి ఉంది. ఇక్కడ బోనులో ఉండేది మనిషి, ఆరుబయట ఉండేది జంతువు. 1966లో ఇంగ్లాండులోని లాంగ్‌లీట్ ఎస్టేటు సింహాల మధ్యకు సందర్శకుల కార్లను వదిలినప్పుడు అది వింత. ఆఫ్రికా వెలుపల అలాంటి పార్కు అదే మొదటిది. ఇప్పుడు మన దేశంలో ప్రతి రాష్ట్రమూ తనకూ ఒక సఫారీ ఉండాలంటోంది. అందుకే ఒక ప్రశ్న అడగక తప్పదు: ఈ పార్కులు చూపేది సింహాన్ని సరే, కాపాడేది దేన్ని?

ప్రదర్శనలో ఉన్న జంతువులన్నీ సంరక్షణలో ఉన్నట్టే అనుకోవడం పొరపాటు. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, చిరుతలు, కోతులతో సర్కసుల్లో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించాక, సర్కసుల నుంచి విడిపించిన సింహాలు విశాఖపట్నం, తిరుపతి జూలలోని పునరావాస కేంద్రాలకు కూడా చేరాయి. వాటిలో ఎక్కువ భాగం ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. సంతానం కలగకుండా జాగ్రత్తపడి వాటిని చివరిదాకా పోషించారు. అది జాలి, అది ధర్మం, అందుకు ఆ సిబ్బందికి దండం పెట్టవచ్చు. కానీ జాతి సంరక్షణ అంటే అది కాదు. తెల్లపులి సంగతి మరీ విచిత్రం. 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుబడిన ఒక్క మగకూననుంచే మన జూలలోని తెల్లపులుల వంశం దాదాపు మొత్తం సాగింది. రంగు చెడకూడదని దగ్గరి రక్తంలోనే జతకట్టిస్తూ వచ్చారు. జనం ఎగబడి చూస్తారు, నిజమే. అడవికి మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అదే హైదరాబాద్ జూలో ఎవరూ ఎగబడి చూడని పని ఒకటి జరిగింది. మూషిక జింక సుమారు మూడు కిలోలు తూగే జీవి. కొమ్ములుండవు. రాత్రిపూట తిరుగుతూ రాలిన పండ్లు తిని గింజలను అడవంతా చల్లుతుంది. చిరుతకూ కొండచిలువకూ అది ఆహారం. దురదృష్టవశాత్తూ వేటగాళ్లకు కూడా. నల్లమలలో అది కనిపించడమే అపురూపమైన పరిస్థితిలో, 2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ, రాష్ట్ర అటవీశాఖ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించే జాతుల సంరక్షణకు పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల కలిసి కొద్దిపాటి జింకలతో సంతానోత్పత్తి కేంద్రం మొదలుపెట్టాయి. బెదిరితే గుండె ఆగే స్వభావం దానిది, పట్టుకుని పరీక్షలు చేయడం కుదరదు. అందుకని శాస్త్రవేత్తలు దాని పెంటికలు ఏరి, వాటిలోని హార్మోన్లను బట్టి ఎద ఎప్పుడో, చూలు ఎప్పుడో తెలుసుకున్నారు. ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ జతకడుతుందని తేలింది. ఆ ఒక్క సంగతి తెలియడంతో మగదాన్ని ఎప్పుడు దగ్గర ఉంచాలో స్పష్టమైంది. మంద రెండు వందలు దాటింది. 2017లో తొలి విడతగా ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. అయితే తీసుకెళ్లి వదిలేసి చేతులు దులుపుకోలేదు. కంచె వేసిన ఆవరణలో ఉంచి, అడవి తిండికీ అడవి చప్పుళ్లకూ అలవాటు పడనిచ్చారు. జూ పుట్టిన ఇల్లు, అడవి మెట్టినిల్లు అన్నట్టు సాగిన పని ఇది. సఫారీ బస్సు దిగిన ఎంతమందికి దీని గురించి తెలుసు?

కారులో తిరిగే పార్కులంటే మోజున్న అమెరికాలోనూ ఇలాంటి ఉదాహరణే ఉంది. డాలస్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి గ్లెన్ రోజ్ దగ్గరి ఫాసిల్ రిమ్ వన్యప్రాణి పార్కు దూరమేమీ కాదు. సొంత కారులో మెల్లగా సాగుతూ జిరాఫీకి గుప్పెడు దాణా పెట్టవచ్చు. ఆ ఆకర్షణ వెనుక టెక్సస్ తీరపు గడ్డి మైదానాలకే చెందిన ఆట్‌వాటర్స్ ప్రెయిరీ చికెన్ అనే పక్షిని 1992 నుంచి పొదిగించి పెంచుతున్న కేంద్రం ఉంది. ఒకప్పుడు లక్షల్లో ఉండిన ఆ పక్షి, మైదానాలు పొలాలై, ఊళ్లై పోవడంతో అంతరించే అంచుకు చేరింది. ఫొటోకు సింహమంత రాణించదు. అయినా సందర్శకుడు జిరాఫీ కోసం కొన్న టికెట్టు దాని గుడ్డుకు కూడా పనికొస్తోంది. ప్రదర్శనకూ పరిరక్షణకూ పొత్తు కుదిరితే ఇలా ఉంటుంది.

మన దగ్గర భయం మరో వైపునుంచి. జనానికి అడవిని చూపిస్తామంటూ అడవికే ఎసరు పెట్టే ధోరణి పెరిగింది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో పాఖ్రో పులుల సఫారీ కోసం 163 చెట్లు కొట్టడానికి అనుమతి ఉంటే, ఆరు వేలకు పైగా నేలకూలాయని భారత అటవీ సర్వే సంస్థ లెక్కకట్టింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు అభయారణ్యాల వెలుపలి అటవీభూమిలో ప్రభుత్వాలు పెట్టే జూలు, సఫారీలను అటవీయేతర అవసరాల జాబితా నుంచి తప్పించారు. అంటే పులికి కంచె, బస్సుకు తారు దారి, జనానికి క్యాంటీన్ వేసినా చట్టం దృష్టిలో అది అడవి పనే! తన ముందస్తు అనుమతి లేకుండా అలాంటివి పెట్టరాదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించి ఉండకపోతే ఈపాటికి ఎన్ని కొండలకు కంచెలు పడేవో. మేము సఫారీలకు వ్యతిరేకం కాదు. నగరంలో పెరిగే పిల్లవాడికి సింహం గర్జన చెవిన పడాల్సిందే. దానికి ఊరి పక్క బంజరు చాలు, పచ్చగా నిలిచిన అడవి అక్కరలేదు.

తిరుపతి జూకు ఐదు వేల ఎకరాలకు పైగా స్థలం ఉంది. విశాఖ జూలో రేచుకుక్కల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో రాబందులను పెంచే కేంద్రంతోపాటు, జూకు దగ్గరలోనే లాకోన్స్ ఉంది. కొత్తగా భూమి అడగకుండా చేయగలిగిన పని తెలుగు రాష్ట్రాల చేతిలోనే ఇంత ఉంది. జూల వార్షిక నివేదికల్లో సందర్శకుల సంఖ్య, టికెట్ల రాబడి పతాక శీర్షికల్లా మెరుస్తాయి. అడవికి పంపిన జీవులెన్ని, ఏడాది తర్వాత వాటిలో బతికి ఉన్నవెన్ని, వాటి పిల్లలెన్ని అన్నది కూడా అదే పుటలో అచ్చు వేయాలి. సఫారీ టికెట్టులో కొంత భాగాన్ని ఈ పనికే కేటాయించి, ఆ మొత్తాన్ని టికెట్టు మీదే ముద్రించాలి. అమ్రాబాద్‌కు చేరిన మూషిక జింకల నేటి పరిస్థితిపై తెలంగాణ అటవీశాఖ సమగ్ర నివేదిక విడుదల చేయాలి. ఆ తర్వాతే రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా కొత్త సఫారీ దస్త్రం కదలాలి.