సొంత డబ్బా

ఈ వ్యాసం సొంత డబ్బా కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నా రాతబల్ల మీద ఈ పూటకు 31 డబ్బాలున్నాయి. వాటిలో నా సొంతమని గట్టిగా చెప్పుకోగలిగింది ఒక్కటే, అది కళ్లజోడు డబ్బా. మిగతావి కొన్ని మా అమ్మవి, కొన్ని మా ఆవిడవి, కొన్ని ఎవరివో వాళ్లిద్దరి మధ్యా ఇంకా తేలనివి.

నేను ఇంటినుంచే పనిచేస్తాను. హైదరాబాదులో రెండు పడగ్గదుల ఫ్లాటు, అందులో ఒక గది మూలన నాలుగడుగుల బల్ల, అదే నా ఆఫీసు. ఒకనాడు ఆధార్ జిరాక్సు కోసం ఆ బల్ల మీద చెయ్యి పెడితే వరసగా ఇవి బయటపడ్డాయి: రాయని పెన్నులు 11, రాస్తాయో లేదో తెలియని పెన్నులు 7, ఏ ఫోనుదో ఎవరికీ గుర్తులేని చార్జరు, 2019 నాటి గ్యాస్ బిల్లు, సగం కొరికిన పల్లీ చిక్కీ, ఏదో శుభలేఖలోంచి రాలిన అక్షింతలు. జిరాక్సు మాత్రం దొరకలేదు. మరో జిరాక్సు తీయించుకుందామంటే అసలు కార్డూ దొరకలేదు.

ఇక లాభం లేదని ఫోన్‌లో వెతికితే పన్నెండు అరలున్న చెక్క పెట్టె ఒకటి 1,299 రూపాయలకు కనబడింది. డబ్బు కట్టబోతుంటే వెనకనుంచి మా ఆవిడ చూసింది.

"ఏమండీ, డబ్బా కొంటున్నారా?" అంది.

తిట్టలేదు, అరవలేదు. ఆ 'కొంటున్నారా' అన్న ఒక్క మాటలో అన్నీ ఉన్నాయి. గోదావరి గట్టున కూర్చుని మంచినీళ్ల బాటిలు కొనేవాడిని చూసినట్టు చూసింది. నిజమే. తెలుగింట్లో డబ్బా కొనే వస్తువు కాదు, సంక్రమించేది. హార్లిక్స్ కొంటాం, డబ్బా మిగులుతుంది. మిఠాయి కొంటాం, డబ్బా మిగులుతుంది. ఇంకాస్త లోతుగా చూస్తే, అసలు డబ్బా కోసమే కొన్న హార్లిక్స్ ఎంతో తేల్చాల్సిన విషయమే.

ఇక్కడ పాఠకులకు డబ్బాశాస్త్రం కొంచెం చెప్పాలి. దీనికి రాజ్యాంగం లాంటి నియమం ఒకటుంది: పైన రాసింది లోపల ఉండరాదు. హార్లిక్‌ సోదరులు ఇద్దరు ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్లి, పిల్లల బలానికని పొడి ఆహారం కనిపెట్టి, 1883లో పేటెంట్ పుచ్చుకున్నారు. అంత కష్టపడి తయారుచేసిన సీసా మా ఇంటికొచ్చి కందిపప్పుకు స్థిరపడింది. 1937లో మన దేశంలో మొదలైన డాల్డా, నెయ్యి స్థానం పొందాలని చాలా ప్రయత్నించింది. నెయ్యి స్థానం దొరకలేదు గానీ దాని డబ్బాకు తులసికోట పక్కన స్థానం దొరికింది. మా మేనత్త వాళ్ల పెరట్లో గులాబీ మొక్కలన్నీ డాల్డా డబ్బాల్లోనే పూసేవి. ఇక డెన్మార్కు వెన్న బిస్కెట్ల నీలం డబ్బా ఉంది. దాన్ని ఆశగా తెరిచి, లోపల దారపు ఉండలు, జాకెట్ హుక్కులు, తలలేని సూదులు చూసి కుమిలిపోని తెలుగు పిల్లవాడు పెరిగి పెద్దవాడయినట్టు నాకు తెలియదు. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా కనబడితే సంతోషించకూడదని, అందులో ఉండేది అల్లం వెల్లుల్లి ముద్ద అని మా అబ్బాయి నాలుగేళ్లకే గ్రహించాడు. జీవితం మీద ఇంత తొందరగా అవగాహన కలిగించే చదువు ఏ బళ్లోనూ లేదు.

దీనివల్ల భద్రత కూడా ఉంది. మా వంటింట్లోకి దొంగ వచ్చి జీడిపప్పు ఎత్తుకుపోదామనుకుంటే వాడికి బోర్న్‌విటా అని రాసి ఉన్నచోట ఇంగువ, కాఫీ అని ఉన్నచోట వంటసోడా, ఏమీ రాయనిచోట రేషన్ కార్డు దొరుకుతాయి. ఎక్కడ ఏముందో మొత్తం పట్టిక మా అమ్మ తలలో ఉంటుంది. ఆవిడ మా చెల్లెలి పురిటికి గుంటూరు వెళ్లిన మూడు నెలలూ మేం ఉప్పు వెతుక్కుంటూనే బతికాం.

సరే, 1,299 రూపాయలు మిగిల్చి వంటింటికి అర్జీ పెట్టుకున్నాను. అమ్మ డబ్బాలను హోదాల వారీగా విడదీసింది.

"స్టీలు వాటి జోలికి రాకు" అంది మొదటే. వాటి మీద పేర్లూ తేదీలూ చెక్కి ఉంటాయి. పాత్రల కొట్లో ఒక కుర్రాడు చిన్న మిషను గిర్రున తిప్పి చెక్కేవాడు, గుర్తుందిగా. మా తాతయ్య పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. మా ఇంట్లో నువ్వుపప్పు డబ్బా మీద మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది. అలాంటిదాంట్లో స్టాప్లర్ పిన్నులు పోయడం వంశానికే అవమానం. గాజు సీసాలు దాని తర్వాతి హోదా. అవి ఊరగాయ సీజనులో వెనక్కిచ్చేయాలన్న షరతు మీద రెండు వచ్చాయి. అందులో ఒకటి పాత హార్లిక్స్ సీసా. పెన్నులు పెట్టడానికి ఇంతకన్నా మంచిది లేదు. కుదురుగా నిలబడుతుంది, బరువు చాలినంత ఉంటుంది, మూతి వెడల్పు. పైగా అడుగున పాత కందిపప్పు బద్దలు రెండు ఉండిపోతాయి కాబట్టి వారసత్వం తెగదు.

బిర్యానీ డబ్బాలను మాత్రం అమ్మ ధారాళంగా ఇచ్చింది. వద్దన్నా ఇచ్చింది. పై అరలో అవి ఒకదాంట్లో ఒకటి దూరి చార్మినార్ మినారంత ఎత్తుకు పెరిగాయి. మా ఇంటి ఆదివారాల చరిత్ర రాయాలంటే అదే ఆధారం. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి పొర ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కసారి వాడి పారేయడం అనే మాట మా అమ్మకు అర్థంకాలేదు. "వాడాక ఎందుకు పారేస్తారు?" అని అడిగింది. పర్యావరణం గురించి ఇంతకన్నా సూటి ప్రశ్న నేను వినలేదు.

వీటితో ఒక చిక్కుంది. సాలన్ వచ్చే తెల్ల డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది, అంటే పాలీప్రొపిలీన్. వేడికి తట్టుకుంటుంది, తేలిగ్గా పగలదు, నూనె కనబడితే మాత్రం వదలదు. పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ నూనెతో పాటు అది కూడా ప్లాస్టిక్‌లోకి దిగి, పాత అద్దెదారులా ఖాళీ చేయనంటుంది. ఎంత తోమినా పీచు అరుగుతుందే గానీ రంగు పోదు. మా అమ్మకు కుర్కుమిన్ పేరు తెలియదు, డబ్బాను డాబా మీద ఎండలో పెట్టాలని తెలుసు. ఎండకు ఆ రంగు విరిగిపోతుంది. రెండు రోజుల్లో తెల్లగా వచ్చింది. వాసన మటుకు రాజీకి రాలేదు. దాని జంట డబ్బాలో ఆదాయపు పన్ను రసీదులు పెట్టాను. రిటర్ను వేసే జులై నెలలో ఆకలి ఎందుకు పెరుగుతోందో డాక్టరుకు చెప్పుకోలేకపోతున్నాను.

చిన్న వస్తువులకు అమృతాంజనం సీసాను మించింది లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టి, 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. తెలుగు పత్రికకు పెట్టుబడి తలనొప్పి నుంచి వచ్చిందన్నమాట. ఆ తర్వాత పత్రికలు ఆ అప్పు వడ్డీతో సహా తీర్చాయి, అది వేరే కథ. ఆ సీసాలో నేను సిమ్ తీసే సూది, రెండు మెమరీ కార్డులు దాచాను. అప్పటినుంచి నా కెమెరాకు జలుబు చేయలేదు. ఇంకో మేటి సరుకు 35 మి.మీ. ఫిల్ము రీలు డబ్బా. నల్లటి ఒళ్లు, బూడిదరంగు మూత. స్టూడియోవాళ్లు అడిగితే ఊరికే ఇచ్చేవాళ్లు. కర్పూరం, చిల్లర, వక్కపొడి, ఏదైనా పట్టేది. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫొటోగ్రఫీ ఏమైందని అందరూ రాశారు. ఆ డబ్బాలు ఏమయ్యాయని ఒక్కరూ రాయలేదు.

గుడ్ల అట్ట ట్రే వాడాను, ముప్పై గుంటలు, ముప్పై రకాల చిల్లర సామాను. బాగుంది. సబ్బుపెట్టెలో ఇయర్‌ఫోన్లు, బాగున్నాయి. చెప్పుల అట్టపెట్టెకు బెజ్జాలు పొడిచి చార్జరు తీగలు దూర్చాను, అదీ బాగుంది. వీటి మీద వ్యంగ్యం కుదరడం లేదు. వదిలేద్దాం.

టిఫిన్ క్యారియరు సంగతి అలా వదిలేసేది కాదు. తక్కువ జాగాలో ఎక్కువ సర్దాలంటే పైకి పెరగాలన్నది నగరాలు నమ్మిన సిద్ధాంతం. అందుకని నాలుగు గిన్నెల పాత క్యారియరు బల్లెక్కించాను. పై గిన్నెలో క్లిప్పులు, దాని కింద రబ్బరు బ్యాండ్లు, మూడోదాంట్లో బ్యాటరీలు, అడుగున పెన్‌డ్రైవ్‌లు. మనకు ఎప్పుడూ కావలసింది అడుగు గిన్నెలోదే అని ఎవరూ ముందు చెప్పరు. ఒకరోజు వీడియో మీటింగు నడుస్తుండగా పెన్‌డ్రైవ్ అవసరమైంది. క్యారియరు ముందుకు లాగి, పిడి ఎత్తి, గిన్నెలు ఒకటొకటిగా విప్పి వరసగా పరిచాను. తెర మీద మా మేనేజరు కాసేపు చూసి, "సరే, మీరు భోంచేయండి, తర్వాత మాట్లాడదాం" అని కాల్ పెట్టేశాడు. అప్పుడు ఉదయం పదిన్నర. నా ఉద్యోగ జీవితంలో అంత తొందరగా ముగిసిన మీటింగు మరొకటి లేదు. క్యారియరును అక్కడే ఉంచాను.

పోపుల పెట్టె అలా కలిసిరాలేదు. గుండ్రటి పెట్టె, లోపల ఏడు చిట్టి గిన్నెలు. గుండుపిన్నులు, బొటనవేలి పిన్నులు, చిన్న స్క్రూలు విడివిడిగా వేసుకోవడానికి భగవంతుడే చేయించినట్టుంటుంది. మా ఇంట్లో అవి రెండున్నాయి, అచ్చం ఒకేలా. ఒక ఆదివారం వంటింట్లోంచి కేక వినబడింది. బాణలిలో నూనె కాగుతోంది, మా ఆవిడ చేతిలో నా ఆఫీసు తెరుచుకుని ఉంది. సాంబారులోకి ఏడు రకాల ఇనుము పడబోయి ఆగింది. ఆకుకూరల్లో ఇనుము ఉంటుందని ఎప్పుడూ చెబుతుంటుందిగా అని నేను అనబోయి మానుకున్నాను. నా బల్ల మీద ఉన్న పెట్టె తెరిస్తే మెంతులు కనబడ్డాయి. ఆ పెట్టెతో నా అనుబంధం ఆ పూటతో ముగిసింది.

జపాను ఫ్యాక్టరీల్లో అయిదు 'ఎస్'ల పద్ధతి అని ఒకటుంది. సెయిరి, సెయిటోన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. మొదటిదానికి అర్థం, అక్కర్లేనివి తీసి పారేయమని. రెండోది, ఉన్నవాటిని సర్దమని. మనది చాలా పాత నాగరికత కాబట్టి నేరుగా రెండోదాంతో మొదలుపెట్టాం. రాయని పెన్నులు 11 ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే వాటికి విడిగా ఒక డబ్బా ఉంది. మూతలు పోయిన డబ్బాలు అయిదు, డబ్బాలు పోయిన మూతలు ఎనిమిది తేలాయి. ఆ మూతలు పెట్టుకోవడానికి ఒక పెద్ద డబ్బా తెచ్చాను. దానికి మూత లేదు. ఎనిమిదిలో ఏదీ పట్టలేదు.

ఇన్ని డబ్బాలకూ చీటీలు రాసి అంటించాను. వంటింటి రాజ్యాంగాన్ని నా బల్ల మీద సాగనివ్వనని పట్టుదల. పెన్నులు అని రాస్తే పెన్నులే, పిన్నులు అని రాస్తే పిన్నులే. ఎక్కడా ఇమడని సామానుకు 'ఇతరములు' అని ఒక డబ్బా పెట్టాను. మొదట చిన్న జండూబామ్ సీసా అది. నెలలో సబ్బుపెట్టె అయింది, తర్వాత చెప్పుల పెట్టె అయింది, ఇప్పుడు పదిహేను కిలోల నూనె డబ్బా. ఆధార్ కార్డు అందులోనే ఉండి ఉంటుందని నా నమ్మకం. చెయ్యి పెట్టే ధైర్యం చాలడం లేదు.

ఇలా బల్ల పూర్తిగా సర్దుకుంది. ఎంత పూర్తిగా అంటే ల్యాప్‌టాప్ పెట్టడానికి చోటు లేదు. దాన్ని భోజనాల బల్ల మీదికి మార్చాను, భోజనాలు సోఫాకు మారాయి. సోఫాలో ఉండే ఉతికిన బట్టలు నా కుర్చీలోకి వచ్చాయి. మా ఆవిడ ఏమీ అనడం లేదు. 1,299 మిగిలింది కదా అని నేనే అప్పుడప్పుడు గుర్తుచేస్తున్నాను.

పోయిన నెల విజయవాడ నుంచి పిన్ని వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు అమ్మ ఆవిడకు కొత్తావకాయ కట్టివ్వాలనుకుంది. మంచి గాజు సీసా కావాలి. ఊరగాయ సీజను షరతు నేను మరచిపోయాను గానీ అమ్మ మరవలేదు. సాయంత్రం నేను నడకకు వెళ్లొచ్చేసరికి పెన్నులన్నీ బల్ల మీద మొదట ఉన్నట్టే కుప్పగా పడి ఉన్నాయి.

"నా సీసా ఏదమ్మా?"

"వస్తుందిలేరా. మీ పిన్ని డబ్బా ఉంచుకునే మనిషి కాదు."

మాట నిజమే. మొన్న ఎవరో బంధువులతో పంపింది. వట్టి పాత్ర తిరిగి ఇవ్వకూడదు కాబట్టి నిండా సున్నుండలు చేసి పెట్టింది. తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నేతితో కాస్త మరకలు పడ్డా, నేను అంటించిన చీటీ చెక్కుచెదరలేదు. దాని మీద నా చేతిరాతే, 'పెన్నులు' అని.